నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

ఇంజను వేడెక్కుతున్నదని తెలిసిన మరుక్షణం మన దేశంలో ఎవరైనా చేసే మొదటి పని రేడియేటర్‌లో నీళ్ళు పోయడం. రెండవ పని ప్రయాణం సాగించడం. మరునాడు మళ్ళీ ఒక సీసాడు నీళ్ళు పడతాయి. ఆ మరునాడు రెండు సీసాలు. ఇలా పది దినాలు గడిచాక ఏ పైవంతెన మీదనో బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టి, బండి నడిరోడ్డున నిలిచిపోతుంది. అడగవలసిన ప్రశ్న అప్పుడుగాని తోచదు: ఇన్నాళ్ళు పోసిన నీళ్ళన్నీ ఎక్కడికి పోయినట్లు?

ఢిల్లీలోను, దానిని చుట్టుకొని ఉన్న గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, ఘాజియాబాద్‌లలోను చిన్న పికప్ ట్రక్కులు నడిపేవారికి ఈ ప్రశ్న బతుకుదెరువుకు సంబంధించినది. తెల్లవారుజామున ఆజాద్‌పూర్ మండీ వద్దనో, ఘాజీపూర్ మండీ వద్దనో నిలబడితే మహీంద్రా బొలెరో పికప్‌లు, 2005లో బజారులోకి వచ్చి ‘ఛోటా హాథీ’ అని ముద్దుపేరు సంపాదించుకున్న టాటా ఏస్‌లు బారులు తీరి కనిపిస్తాయి. వాటిలో వాయిదాల మీద కొన్న బండ్లకు లోటు లేదు. రద్దీ వేళల్లో సరుకు బండ్లకు ప్రవేశం లేని రోడ్లు నగరంలో అనేకం కనుక, ఉన్న కాస్త వ్యవధిలోనే నిండు బరువుతో పరుగులు తీయాలి. పరుగు అనడం కూడా మాటవరసకే. సగం సేపు నత్తనడక. బండి వేగంగా పోతున్నప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తనంతట తాను తగులుతుంది. నత్తనడకలో ఆ భారమంతా ఫ్యాను మీదనే పడుతుంది. మండిన డీజిలు ఇచ్చే శక్తిలో చక్రాలను తిప్పడానికి పనికివచ్చేది సుమారు మూడో వంతు; దాదాపు అంతే భాగం పొగతో పాటు పోతుంది; తక్కిన దానిలో అధిక భాగాన్ని మోసుకుపోయి గాలికి అప్పగించవలసినది కూలెంటే.

పైగా ఈ ప్రాంతంలో డీజిలు బండికి ఆయుర్దాయాన్ని కూడా లెక్కగట్టారు. పదేళ్ళు దాటిన డీజిలు వాహనాలు రాజధాని ప్రాంతంలో తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దానిని బలపరచింది. 2025లో ఆ వివాదం మళ్ళీ కోర్టు ముందుకు వచ్చింది. వాదాలు ఎటు తిరిగినా, పదేళ్ళలో పెట్టుబడి రాబట్టుకోవాలనుకునే యజమానికి ఏడో ఏట ఇంజను హెడ్ వంగిపోతే జరిగే నష్టం ఇంతింత కాదు. వేడికి ఒకసారి వంగిన అల్యూమినియం హెడ్‌ను చదును చేయించడమో, మార్చడమో తప్ప వేరే దారి లేదు.

కనుక కారుతున్నది ఎక్కడ అని వెదకడానికి ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటున్నది. కాశ్మీరీ గేటు విడిభాగాల బజారు పరిసరాల్లోని ఒక మిస్త్రీ దగ్గరకు పికప్ డ్రైవరు వచ్చాడనుకుందాం.

“ఉస్తాద్‌జీ, రేడియేటర్ మార్చేయండి. నీళ్ళు కారిపోతున్నాయి” అంటాడు డ్రైవరు.

అనుభవం లేని మిస్త్రీ అయితే వెంటనే పానా అందుకుంటాడు. అనుభవం ఉన్నవాడు అడుగుతాడు: “నీళ్ళు తగ్గినాక బండి వేడెక్కిందా భాయీ, బండి వేడెక్కినాక నీళ్ళు తగ్గాయా?”

చాలామంది డ్రైవర్ల దగ్గర దీనికి జవాబు ఉండదు. వారి తప్పు లేదు. రెండూ ఒక్కసారే కంటబడతాయి. కాని ఈ రెండు రోగాలకు లక్షణం ఒకటే అయినా మందులు వేరు. ఎక్కడో చిల్లి పడి కూలెంట్ తగ్గితే, చల్లబరచేది లేక ఇంజను వేడెక్కుతుంది. అలాకాక ఫ్యాను సరిగా తిరగక, బెల్టు జారి, రేడియేటర్ రెక్కల నిండా దుమ్ము పట్టి, లేదా ధర్మోస్టాట్ మూసుకొని బిగుసుకుపోయి ఇంజను ముందుగా వేడెక్కితే, లోపలి ద్రవం మరిగి, పొంగి, మూతను తోసుకొని బయటికి వస్తుంది. బండి కింద మడుగు రెండు సందర్భాల్లోనూ కనిపిస్తుంది. రెండవ సందర్భంలో అసలు చిల్లే లేదు. కొత్త రేడియేటర్ కొని బిగించినా ఆ బండి మరునాడు అదే చోట మళ్ళీ పొంగుతుంది. మే, జూన్ నెలల్లో రాజస్థాన్ వైపునుంచి వీచే లూ గాలి మోసుకొచ్చే ధూళిని తలచుకుంటే, లీకు అని పేరుపడిన కేసులలో కొన్నింటికి మందు బ్రష్షు, మెత్తని నీటిధార మాత్రమేనని ఒప్పుకోక తప్పదు.

ఏది ముందు అనే ప్రశ్నకు జవాబు రాబట్టడానికి యంత్రాలేవీ అక్కరలేదు. కూలెంట్ నిలవ ఉండే ప్లాస్టిక్ డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలు ఉంటాయి. ఉదయం ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, స్టార్టు చేయకముందు, ద్రవం ఎంతవరకు ఉన్నదో అక్కడ టేపు ముక్క అంటించాలి. బండి ప్రతిరోజూ ఒకే చదును నేల మీద నిలవాలి. నాలుగైదు ఉదయాలు ఇలా చూస్తే చాలు. గేజి ముల్లు మామూలు స్థానం దాటని రోజుల్లో కూడా మట్టం దిగుతూ ఉంటే అది లీకే. ముల్లు లేచిన రోజున మాత్రమే దిగి, తక్కిన రోజుల్లో కదలకుండా ఉంటే ఫ్యాను వైపు చూడాలి.

అయితే గేజిని కూడా గుడ్డిగా నమ్మరాదు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలక వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీల ఉష్ణోగ్రత చూపించగా దేశమంతా ఉలిక్కిపడింది. తర్వాత వాతావరణ శాఖ పరీక్షించి, ఆ పరికరం సుమారు 3 డిగ్రీలు ఎక్కువగా చూపుతున్నదని తేల్చింది. బండి గేజిది ఇంతకంటె ప్రమాదకరమైన అబద్ధం. అది తక్కువ చూపగలదు. దాని సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. ద్రవం బాగా తగ్గి సెన్సర్ చుట్టూ ఉత్త గాలో ఆవిరో మిగిలితే, ఇంజను ఉడికిపోతున్నా ముల్లు నెమ్మదిగా కిందికి దిగవచ్చు. ముల్లు ఉన్నట్టుండి చల్లదనం వైపు పడిపోవడం కూడా బండి ఆపవలసిన సంకేతమే.

లీకే అని తేలిందనుకుందాం. ఇక వెదుకులాట. మొదట, కారుతున్నది నిజంగా కూలెంటేనా? రాత్రి బండి కింద తెల్లని అట్టముక్క పరచి ఉంచితే తెల్లవారేసరికి సాక్ష్యం సిద్ధంగా ఉంటుంది. ఏసీ ఉన్న బండి కింద రంగు, వాసన లేని మంచినీటి చుక్కలు పడటం దోషం కాదు. నల్లగానో గోధుమరంగుగానో జిడ్డుగా ఉంటే ఇంజనాయిలు. ఆకుపచ్చ, గులాబి, నారింజ, నీలి రంగుల్లో ఏదో ఒకటి కలిగి, వేళ్ళ మధ్య జారుతూ, తియ్యని వాసన వేసేది కూలెంట్. ఈ రంగులు తయారీదారులు వేసే అద్దకాలే కాని, ఫలానా రంగు అయితే ఫలానా రకం అనే నియమమేమీ లేదు. రంగు చూసి రెండు రకాలు కలిపివేయడం మంచిది కాదు.

వాసన చూడవచ్చు గాని రుచి చూడరాదు. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. వీధి కుక్కలు, పశువులు ఆ తీపికి ఆశపడి నాకి, మూత్రపిండాలు చెడి చనిపోతాయి. దీనికి దగ్గరి చుట్టమైన డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గుమందు తాగి 1998లో గురుగ్రామ్‌లో 30 మందికి పైగా పసిపిల్లలు మరణించారు. బండిలోంచి దించిన పాత కూలెంట్‌ను తెరిచిన తొట్టెలో వదిలివేయడం, మురుగు కాలువలో పారబోయడం ఎంతమాత్రం తగదు.

చుక్క పడిన చోటికి సరిగ్గా పైన చిల్లి ఉంటుందని అనుకోవడం తొందరపాటు. నడిచే బండిలో ఫ్యాను గాలి ద్రవాన్ని వెనక్కు చిమ్ముతుంది. అది లోహం అంచుల వెంట పారి, అన్నిటికంటె పల్లపు చోట నేల మీద పడుతుంది. టార్చిలైటు పట్టుకొని తడిసిన చోట్లలో అన్నిటికంటె ఎత్తయినది ఏదో చూడాలి. తడి ఆరిపోయినా జాడ పోదు. వేడి లోహం మీద కూలెంట్ ఆవిరైపోయి తెల్లని లేదా రంగు పొక్కులను వదులుతుంది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే అతుకు, హోస్ పైపుల కొసలు, క్లిప్పుల కింద, ఇంజను దిమ్మెకు కొట్టిన కోర్ ప్లగ్గుల చుట్టూ వెదకాలి. వాటర్ పంపు అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు ద్రవం బేరింగు మీదికి పోకుండా బయటికి కారడానికే తయారీదారులు దానిని ఉంచారు. అక్కడ తడి కనిపిస్తే పంపు కాలం తీరినట్లే. కొందరు ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసివేస్తారు. రోగి నోరు మూసి జ్వరం తగ్గిందనడం వంటిదది.

ఢిల్లీ వాతావరణం ఈ వెదుకులాటను ఇంకా చిక్కు పరుస్తుంది. జనవరి తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీల చలిలో రబ్బరు గట్టిపడి, క్లిప్పు పట్టు సడలి, హోస్ కొస వద్ద చుక్కలు పడతాయి. ఇంజను వేడెక్కగానే అంతా వ్యాకోచించి బిగుసుకొని కారడం మానుకుంటుంది. మధ్యాహ్నం మిస్త్రీ దగ్గరకు తీసుకుపోతే, “ఎక్కడా ఏమీ లేదే!” అంటాడు. వేసవిలో దీనికి తలకిందులు. ప్లాస్టిక్ ట్యాంకు మీద వెంట్రుకవాసి బీట చల్లగా ఉన్నప్పుడు కనిపించదు. లోపలి ఒత్తిడి పెరిగినప్పుడే తెరుచుకుంటుంది. కారినది కారినట్లే ఆవిరవుతుంది. నేల పొడిగా ఉంటుంది. అందుచేత చలికాలపు లీకును పొద్దున్నే, ఎండాకాలపు లీకును బండి పనిచేసి వచ్చిన వెంటనే చూడాలి. చూడటమే సుమా, మూత జోలికి పోరాదు.

ఈ మూత గురించి కొంత విపులంగా చెప్పుకోవాలి. అంత చవకైన భాగం అంత పెద్ద పని చేయడం ఇంజనులో మరెక్కడా లేదనిపిస్తుంది. సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది. సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే 106, 107 డిగ్రీల దాకా ఆగుతుంది. ఆ పైన మూత తన స్ప్రింగుతో వాతావరణానికి సమానమైన అదనపు ఒత్తిడిని నిలిపి ఉంచగా, మరిగే స్థానం 120 డిగ్రీలు దాటుతుంది. మన వంటింటి ప్రెషర్ కుక్కరు సూత్రమే ఇది. స్ప్రింగు నీరసించినా, రబ్బరు వాషర్ పగిలినా ఆ రక్షణ పోతుంది. ఎక్కడా చిల్లి లేకుండానే ద్రవం డబ్బాలోకి, డబ్బా నుంచి రోడ్డు మీదికి పోతుంది. మూతలో ఇంకొక చిన్న కవాటం కూడా ఉన్నది. ఇంజను చల్లారినప్పుడు లోపల ఏర్పడే శూన్యాన్ని పూరించడానికి అది డబ్బాలోని ద్రవాన్ని వెనక్కు రానిస్తుంది. ఉదయం పూట పై హోస్ ఎవరో పిండినట్లు చప్పిడిపోయి కనిపిస్తే ఈ కవాటం మూసుకుపోయిందన్నమాట. కొత్త మూత కొనేటప్పుడు దాని మీద ముద్రించిన ఒత్తిడి అంకె, 0.9 గాని 1.1 గాని, పాతదానితో సరిపోవాలి. గొంతుకు బిగిసింది కదా అని ఏదో ఒకటి తెచ్చి పెట్టడం పనికిరాదు.

వేడిమీద మూత విప్పితే జరిగేది కూడా కుక్కరు కథే. 110 డిగ్రీల దగ్గర ఒత్తిడి వల్ల మాత్రమే మరగకుండా ఉన్న ద్రవం, ఒత్తిడి పోగానే తటాలున ఆవిరిగా మారి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. తడిగుడ్డ కప్పి విప్పితే ఫరవాలేదనే నమ్మకం ఎందరి చేతులనో కాల్చింది. పై హోస్‌ను చేత్తో నొక్కితే మెత్తగా లొంగేవరకు ఆగాలి. అందుకు గంట పట్టినా పట్టవచ్చు.

కంటికి ఏదీ దొరకనప్పుడు ప్రెషర్ టెస్టర్ అవసరమవుతుంది. మంచి వర్క్‌షాపులన్నిటిలో ఉండే సాధనమే: ఒక చేతి పంపు, ఒక మీటరు. చల్లని ఇంజను మీద, మూత తీసిన చోట దానిని బిగించి, మూత మీది అంకె వరకు మాత్రమే గాలి కొట్టి, పదిహేను నిమిషాలు వేచి చూస్తారు. ముల్లు కదలకపోతే వ్యవస్థ భద్రం. ముల్లు దిగి, బయట ఎక్కడో చుక్క పుడితే దొంగ దొరికినట్లే. ముల్లు దిగుతూ ఉండి, బయట ఎక్కడా తడి లేకపోతే మాత్రం వ్యవహారం ముదిరింది. కూలెంట్ ఇంజను లోపలికే పోతున్నది.

లోపలికి పోవడానికి దారులు కొద్దివే. అందరికీ తెలిసినది హెడ్ గాస్కెట్. అది కాలినప్పుడు సిలిండరులోని వాయువు కూలెంట్‌లోకి చొరబడుతుంది. చల్లని ఇంజనును స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే హోస్ రాయిలా గట్టిపడటం, డబ్బాలో ఎడతెగని బుడగలు లేవడం దాని గుర్తులు. నీలిరంగు రసాయనం ఉన్న చిన్న గొట్టంలోకి డబ్బాపై గాలిని పీల్చి చూసే పరీక్ష కూడా ఉంది. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే ఆ నీలం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. హెడ్ విప్పడానికి చాలా ఖర్చవుతుంది కనుక ఈ చిన్న పరీక్ష చేయకుండా విప్పుతానన్న మిస్త్రీకి కొంచెం ఆగమని చెప్పడంలో తప్పు లేదు. ఆయిలు మూత అడుగున మీగడలాంటి పదార్థం కనిపించగానే గాస్కెట్ పోయిందని గుండెలు బాదుకోనక్కరలేదు. చలికాలంలో కొద్ది దూరాలే తిరిగే బండిలో తేమ గడ్డకట్టి అలాగే కనిపిస్తుంది. డిప్‌స్టిక్ మీది ఆయిలు కూడా పాలు కలిపిన టీలా మారితేనే భయపడాలి; అప్పుడు ఇంజను స్టార్టు చేయరాదు. అలాగే పొగమంచు ఉదయాన సైలెన్సర్ నుంచి నాలుగు నిమిషాలు తెల్లని ఆవిరి రావడం సహజం. ఇంజను పూర్తిగా వేడెక్కిన తర్వాత కూడా తెల్లని పొగ, దానిలో తియ్యని వాసన ఉంటే అది సహజం కాదు.

ఇటీవలి బండ్లలో అనుమానించవలసిన ఇంకొక భాగం ఉన్నది. డీజిలు ఇంజను వదిలే నైట్రోజన్ ఆక్సైడులను తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని చల్లబరచి మళ్ళీ ఇంజనులోకే పంపుతారు. ఆ పొగను చల్లబరచే ఈజీఆర్ కూలర్‌లో ఒక గోడకు అటు కాలే పొగ, ఇటు కూలెంట్. భారత్ స్టేజ్-6 ఇంధనం ఢిల్లీకి 2018 ఏప్రిల్‌లో వచ్చింది. దేశమంతటా ఇంధనం, కొత్త వాహనాల ప్రమాణాలు 2020 ఏప్రిల్‌లో మారాయి. కాలుష్య నియమాలు బిగిసేకొద్దీ ఇటువంటి కూలర్ల మీద భారం పెరిగింది. ఆ గోడ బీటలిస్తే కూలెంట్ పొగతో కలిసి ఆవిరై పోతుంది. నేల మీద చుక్క ఉండదు, ఆయిలులో నీరు ఉండదు, గాస్కెట్ నిక్షేపంలా ఉంటుంది. నీళ్ళు మాత్రం రోజూ తగ్గుతాయి. హెడ్ విప్పి, ఏమీ కనబడక మళ్ళీ బిగించిన తర్వాత ఈ కూలర్ గుర్తుకు రావడం కంటె, కూలర్‌ను ముందుగా విడిగా పరీక్షించడం ఎంతో లాభం. ఇంజను ఆపి ఉన్నప్పుడు ఏ దారిననైనా సిలిండరులోకి కూలెంట్ చేరితే మరొక ఉపద్రవం పొంచి ఉంటుంది. గాలి నలుగుతుంది గాని నీరు నలగదు. స్టార్టు చేసిన క్షణంలో పిస్టన్ ఆ నీటిని ఢీకొని కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

దారిలో చిక్కుకున్నప్పుడు రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేయడం మన లారీ డ్రైవర్ల పాత చిట్కా. సన్నని బీటలో పసుపు ఉబ్బి కాసేపు అడ్డుపడే మాట నిజమే. కాని బీటను మూసిన పసుపే సన్నని గొట్టాలనూ మూస్తుంది. నీటిని వీలైనన్ని సన్నని పాయలుగా చీల్చి గాలి తగలనివ్వడమే రేడియేటర్ మర్మం. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మేబాఖ్ చేసిన తేనెపట్టు రేడియేటర్‌లో ఎనిమిది వేలకు పైగా చిన్న గొట్టాలు ఉండేవి. పసుపుతో ఊరు చేరవచ్చు. చేరిన తర్వాత రేడియేటర్ కడిగించకపోతే, నీళ్ళు తగ్గి వేడెక్కిన బండి కాస్తా వేడెక్కి నీళ్ళు తగ్గే బండిగా మారుతుంది. బజారులో సీసాల్లో దొరికే లీకు మందుల సంగతీ ఇంతే.

రోజూ పోసే ఉత్తనీళ్ళ వల్ల కూడా ఇటువంటి అపకారమే. గురుగ్రామ్, నోయిడాల బోరు నీటితో కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం అక్కడి గృహిణులందరూ ఎరిగినదే. ఆ పొరే ఇంజను లోపలి గోడలకూ పడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. ఉత్తనీటిలో తుప్పును అడ్డుకొనే రసాయనాలు ఉండవు కనుక కోర్ ప్లగ్గులు లోపలినుంచి తినివేయబడి కొత్త లీకులు పుడతాయి. అత్యవసరానికి ఏ నీరైనా పోయవచ్చు. కాని ఆ తర్వాత వ్యవస్థను కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో సరైన పాళ్ళలో కలిపిన కూలెంట్ నింపించాలి.

మరమ్మతు అయిన వెంటనే మట్టం కొంత దిగితే మిస్త్రీతో తగవు పెట్టుకోనక్కరలేదు. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయి ఆ ఖాళీలోకి ద్రవం దిగుతుంది. బండి ఒకసారి వేడెక్కి చల్లారాక గీత వరకు నింపి, టేపును అక్కడికి మార్చి, మళ్ళీ నాలుగు ఉదయాలు చూడాలి. మట్టం నిలిచినా టేపును పీకివేయకుండా ఉంచడం మేలు. వేసవిలో బాగుచేయించిన బండిని జనవరి చలిలో మరొకసారి చూడవలసి ఉంటుంది.